గుర్రానికి కొత్త కళ్ళెం

మెకానిక్ గారికి,

మీ షెడ్డు మూలన ఎర్రటి రెండు సీట్ల పాత కారు ఉంది చూడండి, ఆ కారు అబ్బాయి తల్లి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం పద్ధతి. వాడు పోయాక ఆ ముక్క నా చేతికి రావడం లేదు. మీరు క్షేమంగా ఉండండి, చాలు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటారేమో. ఫోన్లో నాకు ఏడుపు ముందొస్తుంది, కోపం వెనకబడిపోతుంది. ఇప్పుడు నాకు కావలసింది కోపం. అందుకని ఉత్తరం.

ముందుగా ఒక మాట. మావాడు కారు వల్ల పోలేదు, జ్వరంతో పోయాడు. పరామర్శకు వచ్చినవాళ్ళు కుర్చీలో సరిగా కూర్చోకముందే "ఆ కారేనా అమ్మా?" అని అడుగుతున్నారు. ఆ బండి ఏ పాపమూ ఎరగదు. వాడు దాన్ని గుర్రం అనేవాడు. "దీనికి పరుగు పుట్టుకతో వచ్చిందమ్మా, ఆగడమే సరిగా రాదు. కొత్త బ్రేకులు వేయిస్తా" అని ఒక్కొక్క సామానే కొని దాచాడు. వేయించే లోపల తనే ఆగిపోయాడు.

ఆ సామానంతా పంపుతున్నాను, బిగించండి. మా అల్లుడు "నడిపేవాళ్ళు లేని బండి ఇంటికెందుకు అత్తయ్యా, తుప్పు పట్టకముందే అమ్మేద్దాం" అని పళ్ళు తోముకుంటూ కూడా అంటున్నాడు. బండి రోడ్డెక్కితే గాని ఆయన నోరు మూతపడదు.

ఇట్లు,
గుర్రం వాడి అమ్మ

తా.క.: పాత బ్రేకులు పారేయకండి. అరిగిపోయాయని నాకూ తెలుసు. అరగదీసింది వాడి కాలే కదా.

*

అమ్మగారికి మెకానిక్ నమస్కారాలు.

సామాను అందింది. మంచి సరుకు, చూసి చూసి కొన్నాడు. కానీ ఒక చిక్కు. కొత్త డిస్కులు, అంటే చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్ళేలు, పాతవాటికంటే పెద్దవి. ఇప్పుడున్న చక్రాల లోపల పట్టడం లేదు. పెద్ద చక్రాలు కావాలి.

మరొకటి. ఇకమీదట బండి ఎవరు నడుపుతారో, వాళ్ళ ఎత్తూ బరువూ రాయండి. కొత్త బ్రేకు పెడల్ కాస్త గట్టిగా ఉంటుంది. సీటు దానికి తగ్గట్టు బిగించాలి.

ఇట్లు,
విధేయుడు, మెకానిక్

తా.క.: పక్క సీటు ముందు, కాళ్ళ కింద పరిచిన రబ్బరు పట్టకు పెద్ద చిల్లు పడింది. కొత్తది వేయమంటారా?

*

మెకానిక్ గారూ,

నమస్కారం పెట్టాలనే ఉంది, చెయ్యి లేవడం లేదు.

నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నాడట వెనకటికి ఎవడో. నేను కళ్ళెం పంపిస్తే మీరు గుర్రం కాళ్ళే మార్చమంటున్నారు. ఇవాళ చక్రాలు చిన్నవన్నారు. రేపు చక్రాలు మారిస్తే కారు చిన్నదంటారు. ఎల్లుండి కారు మారిస్తే మా సందు ఇరుకంటారు! కొడుకు పోయిన ఆడది, దీనికేం తెలుస్తుందిలే అనుకున్నారా?

పైగా ఎవరు నడుపుతారని అడుగుతారా? నడిపేవాడు మా గుమ్మం దగ్గర తల వంచి లోపలికొచ్చేవాడు. అదీ ఎత్తు. బరువంటారా, చివరి రోజుల్లో నా రెండు చేతులకూ సరిపోయాడు. రాసుకోండి.

పట్ట జోలికి మాత్రం వెళ్ళకండి. అది నా బ్రేకు. వాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తిప్పేటప్పుడు ఎదురుగా లారీ కనబడితే చాలు, నేను కుడికాలితో నేలను తొక్కేదాన్ని. "నీ వైపు బ్రేకేమీ లేదమ్మా, ఊరికే పట్ట చిరుగుతోంది" అని నవ్వేవాడు. "నేను తొక్కబట్టేరా ఇన్నాళ్ళూ ఎవరికీ తగల్లేదు" అనేదాన్ని. ఇప్పటికీ నా నమ్మకం అదే.

ఇట్లు,
మోసపోవడానికి తీరిక లేని తల్లి

తా.క.: కవరు వెనక రాస్తున్నాను. అంటించేశాక వాడి గది ఊడ్చాను. గోడవార నాలుగు పెద్ద అట్టపెట్టెలున్నాయి. ఇన్నాళ్ళూ వాటిమీదే బట్టలు మడతపెడుతున్నాను. ఇవాళ విప్పితే చక్రాలు. పెద్దవే. మీరన్నది నిజమని నేను రాయను. చక్రాలు పంపుతున్నాను, అంతే.

*

అమ్మగారికి,

ఇన్నాళ్ళూ మీ తిట్లు తల్లి తిట్లనుకుని దులిపేసుకున్నాను. ఇవాళ నాకూ కోపం వచ్చింది.

మీ అల్లుడుగారు ఒక బేరగాణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. "పాత బ్రేకులే మళ్ళీ బిగించెయ్, కొత్తవి విడిగా అమ్ముకోవచ్చు. అత్తయ్య ఒప్పుకుంది" అన్నారు. ఆ బేరగాడు చక్రాన్ని కాలితో తన్ని చూశాడు. మీ అబ్బాయి ఈ డిస్కుల కోసం తెగిన చెప్పులతో తిరిగాడమ్మా. నాకు తెలుసు. అమ్మేసేటట్టయితే నాకు ఆ ఉత్తరాలన్నీ ఎందుకు రాశారు? చదివి ఏడవడానికా?

అరిగిన బ్రేకులతో బండి నా షెడ్డు దాటదు. కొన్నవాడు వెళ్ళి ఏ గోడకో గుద్దుకుంటే ఆ పాపం నాకొద్దు. మీ బండి మీరు తీసుకుపోండి.

ఇట్లు,
మెకానిక్

తా.క.: "విధేయుడు" అని మరిచిపోయి వదిలెయ్యలేదు.

*

మెకానిక్ గారూ,

నేను ఒప్పుకున్నానా!

మీ ఉత్తరం పట్టుకుని నేరుగా అల్లుడి ముందుకెళ్ళి నిలబడ్డాను. "మొన్న అడిగితే తల ఊపారు కదా అత్తయ్యా" అన్నాడు. ఎప్పుడయ్యా అంటే, నేను కుట్టుమిషన్ తొక్కుతున్నప్పుడట! మిషన్ తొక్కేటప్పుడు మనిషి తల ఊగక ఏం చేస్తుంది? మా అమ్మాయి "అమ్మ తల ఊగితే కారు అమ్మేస్తారా? రేపు నేను కునుకు తీస్తే ఇల్లు అమ్మేస్తారా?" అని ఆయన్ని ఉతికి ఆరేసింది. చివరికి ఆయన మళ్ళీ పాత పాటే అందుకున్నాడు. "నడిపేదెవరో ఒక్క మనిషిని చూపించండి, ఈ జన్మలో అమ్మమనను" అన్నాడు. సరేనని మాట తీసుకున్నాను.

అల్లుడు అలా అన్నాడంటే అల్లుడులే అనుకుంటాను. మీరెలా నమ్మారు? వాడి చెమట పట్టిన బండిని వాడి తల్లి బేరానికి పెడుతుందా? కొత్త బ్రేకులే బిగించండి. నా చేతికి తప్ప తాళం ఎవరికీ ఇవ్వకండి.

ఇట్లు,
తల ఊగినా మాట ఊగనిది

తా.క.: చక్రాన్ని తన్నినాయన కాలికి దెబ్బేమైనా తగిలిందా? తగిలుంటే రాయండి. మంచి కబురు విని చాలా రోజులైంది.

*

అమ్మగారికి నమస్కారాలు.

తప్పు నాదే, లెంపలేసుకున్నాను. బ్రేకులు బిగించడం అయింది. ఒక్క పని మిగిలింది. కొత్త బ్రేకులు మొదట్లో సరిగా పట్టవు. ఖాళీ రోడ్డు మీద బండిని వేగంగా తోలి, బ్రేకు గట్టిగా తొక్కాలి. పూర్తిగా ఆగకముందే వదిలి మళ్ళీ వేగం అందుకోవాలి. మళ్ళీ తొక్కాలి. అలా చాలాసార్లు తొక్కితే గాని అవి దారికి రావు. వచ్చే వారం మా పనివాడి చేత తొక్కిస్తాను.

ఇంతకూ నడిపేదెవరో మీరింకా రాయలేదు. బలమైన కాలు కావాలి మరి.

ఇట్లు,
మళ్ళీ విధేయుడు, మెకానిక్

తా.క.: బొటనవేలు వాచిందట.

*

నాయనా,

ఆగు! మీ పనివాడి చేత తొక్కించకు. నేను తొక్కుతాను.

అవును, నేనే. వాడు పోయిన కొన్నాళ్ళకే డ్రైవింగ్ స్కూల్లో చేరాను. ఇంట్లో కంటి డాక్టరు దగ్గరికని చెప్పేదాన్ని. ఇన్నిసార్లు వెళ్ళినా అమ్మ చూపు బాగుపడలేదేమని మా అమ్మాయి బెంగపెట్టుకుంది. నేర్పే మాస్టారు మొదట్లో "ఈ వయసులో మీకెందుకమ్మా?" అన్నాడు. ఇప్పుడు "మెల్లిగా అమ్మా, మెల్లిగా" తప్ప ఆయన నోట ఇంకో మాట లేదు. నిన్న లైసెన్సు వచ్చింది. ఎందుకిచ్చారో ఇచ్చినవాళ్ళకే తెలియాలి. తీసుకెళ్ళి అల్లుడి కంచం పక్కన పెట్టి, "మీరు అడిగిన ఒక్క మనిషి" అన్నాను. ముద్ద నోటిదాకా వెళ్ళి అక్కడే నిలబడిపోయింది. ఏ బ్రేకూ అలా పట్టదు.

ఎత్తు అడిగావుగా, నీ భుజం దాకా కూడా రాను. సీటు ముందుకు జరిపి ఒక దిండు వెయ్యి. కాలి బలం గురించి భయం లేదు. మిషన్ తొక్కి ఇద్దరు పిల్లల్ని పెంచిన కాలు.

ఇక ఆ తొక్కుడు సంగతి. వాడు పోయినప్పటి నుంచి కనబడిన ప్రతివాళ్ళూ నాతో "ఊరుకోమ్మా, ఊరుకో" అనేవాళ్ళే. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తొక్కాలి, చాలాసార్లు తొక్కాలి అన్నవాడివి నువ్వొక్కడివే. అది చదివాక నాకెలా ఉందో రాయడం నాకు రాదు. మాస్టారిని వెంటబెట్టుకుని సోమవారం వస్తాను. బాగా పొడుగాటి ఖాళీ రోడ్డు చూసి పెట్టు.

ఇట్లు,
బండి సొంతదారు

తా.క.: నేను బండి తీసే వేళకు మీ షెడ్డు ముందున్నవాళ్ళందర్నీ పక్కకు జరగమను. ఆపడం నాకు బాగా వచ్చు. స్టీరింగు తిప్పడమే ఇంకా సగం వచ్చింది.