ఆయన ఆడిన ఒక్క అబద్ధం

జులై 7, సోమవారం
ఉత్తరం వచ్చింది. మిలిటరీ పింఛను వాళ్ళది, రెండు పేజీలు. "మీ భర్త ఊపిరితిత్తుల జబ్బు ధూమపానం వల్ల కలిగినది. సర్వీసుకు సంబంధం లేదు." కనుక ప్రత్యేక కుటుంబ పింఛను కుదరదు. అప్పీలుకు నెలాఖరు దాకా గడువు.
మా ఆయన. ధూమపానం. సండే స్కూలు నడిపిన మనిషి. పక్కింట్లో బీడీ ముట్టిస్తే మా ఇంటి కిటికీ మూసేవారు.

జులై 8
ఉత్తరం వెనకాల ఇంకో కాగితం పిన్ను చేసి ఉంది — ప్రమోషన్‌కు ముందు చేసిన వైద్య పరీక్ష. "రోజుకు పది సిగరెట్లు." కింద సంతకం. సుందరం. సున్నా అంత పెద్దది పెట్టే మనిషి ఇంకొకరు లేరు.
మధ్యాహ్నం అన్నం ముందు గుర్తొచ్చింది. ఆ రోజు క్వార్టర్సుకి నవ్వుకుంటూ వచ్చారు. వర్క్‌షాపు దుమ్ము వల్ల దగ్గు అని చెబితే మెడికల్ కేటగిరీ దించేస్తారట, ప్రమోషన్ పోతుందట. సిగరెట్టు అంటే మానెయ్యమని చెప్పి వదిలేస్తారట. పక్క బెంచీలో పనిచేసే సూర్యనారాయణ సలహా.
నేనూ నవ్వాను.
జన్మలో ఒకే ఒక్క అబద్ధం ఆడారు. ప్రభుత్వం దాన్నే నమ్మింది.

జులై 10
పింఛను ఆఫీసు. గుమస్తా మర్యాదస్తుడు, కుర్చీ వేశాడు. "ఆ వర్క్‌షాపులో కలిసి పనిచేసినోళ్ళు ఎవరైనా రాసిస్తే అప్పీలుకి బలం మేడమ్."
మిగిలింది ఒక్కరు. నాతవరం సూర్యనారాయణ. సలహా ఇచ్చిన మహానుభావుడే.
ఇంటికొస్తే కోడలు సువార్త — "ఈ వయసులో ఎందుకత్తయ్యా తిరుగుడు. వచ్చే పింఛను సరిపోటం లేదేటి?"
సరిపోతోంది. ఆ కాగితం మీద ఉన్న మాటే సరిపోవడం లేదు.

జులై 12, శనివారం
నాతవరం. షేర్ ఆటోలో ఎవరివో రెండు పనసకాయలు, వాటికి నా కంటే మంచి సీటు.
సూర్యనారాయణ వరండాలో మంచం మీద. నాలుగు మాటలకోసారి ఆగి గాలి పీలుస్తున్నారు.
"ఒచ్చీసారా వదినా. కూకోండి. టీ ఎట్టమంటాను."
"టీ తరవాత. సంతకం ముందు."
విషయం చెప్పాను. తల అడ్డంగా ఊపారు. "మిలిటరీ కూడు తిన్నాం వదినా. దాని మీద నాను రాయలేను."
"దాని మీద వద్దు. మిలిటరీ లారీల బ్రేకు లైనింగుల మీద రాయండి. అరగదీస్తుంటే ఆస్బెస్టాస్ దుమ్ము ఎలా లేచేదో, గాలి పైపు పెట్టి ఎలా ఊదేవారో, అది."
నవ్వబోయి దగ్గారు. ఆయన భార్య సత్యవతి వచ్చి వీపు రాసింది. మరి ఈ దగ్గు దేనిదండీ, అన్నాను.
"పొలంలో మందు కొట్టీవోడిని కదా. అదే."
ఇంకో అబద్ధం. ఆ వర్క్‌షాపులో ఇది కూడా నేర్పేవారు కాబోలు.
సంతకం లేదు. వట్టి చేతులతో పంపడం ఇష్టంలేక సంచీడు జీడిపిక్కలు ఇచ్చారు.

జులై 13
చర్చిలో నాకు దగ్గు. పాట మధ్యలో. పాస్టరు గారు ఆగి చూశారు... సువార్త కూడా చూసింది. పాస్టరు గారు పాట అందుకున్నారు, ఆమె చూపు తిప్పలేదు.

జులై 15
ఎక్స్‌రే తీయించేదాకా సువార్త ఊరుకోలేదు. డాక్టరుకి మీసాలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి.
"కట్టెల పొయ్యి వాడారా అమ్మా?" లేదు, గ్యాసు. "పోనీ అడ్డపొగ తాగుతారా?"
పాతికేళ్ళు సైన్సు చెప్పిన హెడ్‌మిస్ట్రెస్‌ని. నిప్పు నోటి లోపల పెట్టుకుని చుట్ట కాల్చే నేర్పు నాకు లేదు బాబూ, అన్నాను. సువార్త గోడవైపు తిరిగి నవ్వుకుంది.
"దుమ్ములో ఏమైనా పనిచేశారా?"
లేదనబోయి ఆగాను.
శనివారాలు. ఆయన ఖాకీ ఓవరాల్స్. నానబెట్టే ముందు పెరట్లో దులిపేదాన్ని — బూడిదరంగు పొడి, ఎండలో మెరిసేది. పదమూడేళ్ళు. సైన్సు డిగ్రీ పెట్టెలో పెట్టుకుని.
"బట్టలు ఉతికాను" అన్నాను. అతనికి అర్థం కాలేదు. పాఠం చెప్పినట్టు చెప్పాను. రాసుకున్నాడు. ఊపిరితిత్తి మీద పొర దళసరి అయిందట. అలాంటి దుమ్ము వల్ల కావచ్చట, పెద్దాసుపత్రిలో చూపించాలట.

జులై 16
అప్పీలు ఫారం. 'భార్య' గడిలో పేరు, వయసు, పెళ్ళినాటి తేదీ. నా ఎక్స్‌రేకి గడి లేదు. వితంతువునైతే ఒప్పుకుంటారు. రోగిని అంటే చోటు లేదు.
మార్జిన్‌లో రాశాను. పిల్లలు ఆ పని చేస్తే మార్కులు కోసేదాన్ని.

జులై 19, శనివారం
మళ్ళీ నాతవరం. ఎక్స్‌రే తీసుకెళ్ళాను. సూర్యనారాయణ ఎండకి ఎత్తి చూశారు.
"అన్నదా?"
"నాది."
సత్యవతి వెనక నిలబడి ఉంది. "ఓవరాల్స్ నానూ దులిపీదాన్ని కదేటి" అంది, ఆయనతో. అరవలేదు. ఉప్పు అయిపోయిందన్నట్టు అంది.
అప్పుడు సూర్యనారాయణ — "సిగరెట్టు మాట నానే సెప్పాను వదినా. అన్న ఒద్దన్నాడు. నానే బలవంతం సేసాను."
"అదే రాయండి."
"రాస్తే అన్న అబద్ధమాడినోడని తేలిపోద్ది."
"తేలాలి."
పెన్ను ఇచ్చాను. రాశారు, గాలి పీల్చడానికి ఆగారు, మళ్ళీ రాశారు. రెండు పేజీలు. తన దగ్గు సంగతీ రాశారు, పొలం మందు ఊసు లేకుండా. అక్షర దోషాలు తొమ్మిది. ఒక్కటీ దిద్దలేదు.

జులై 21
రిజిస్టరు పోస్టు. రసీదు బైబిల్లో.

ఆగస్టు 6
ఏమీ లేదు. జీడిపిక్కలు ఎండబెట్టాను.

ఆగస్టు 18
విచారణట. ఇరవై ఆరున, విశాఖలో. సాక్షి స్వయంగా రావాలట. సూర్యనారాయణ ఆటోలో అంత దూరం రాలేరు, కారు మాట్లాడాలి.
సాయంత్రం సత్యవతి ఫోను. ఆవిడ ఎక్స్‌రే వచ్చింది. "నా పేరు కూడా మీ కాగితంలో ఎట్టగలరా అక్కా?"
విచారణకి పట్టుకెళ్ళే నకలులో మార్జిన్ రెండో పక్క ఖాళీగానే ఉంది, రమ్మన్నాను.

ఆగస్టు 24, ఆదివారం
మొదటి ప్రశ్న సిగరెట్టే అవుతుంది. జవాబు నేనే చెప్పాలి.
"మా ఆయన అబద్ధం చెప్పారు." అద్దం ముందు నాలుగుసార్లు అన్నాను. మూడుసార్లు దగ్గు అడ్డొచ్చింది. నాలుగోసారి, గోడ మీది ఆయన ఫొటో వైపు చూడకుండా, మొత్తం అనగలిగాను.
అక్కడ ఆ ఫొటో ఉండదులే అనుకున్నాను... వాళ్ళు తెరిచే సర్వీసు పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంటుందని ఇప్పుడే గుర్తొచ్చింది.