వల కింద పాలకూర

ప్రియమైన పిచ్చుకకి,

ఆ రోజు పొద్దున్న మన ఇంట్లో ఎలా గడిచిందో రాద్దామని కూర్చున్నాను. విశేషమేమీ లేని పొద్దు. తెల్లారకముందే నాన్న పాలకూర మడిలోకి దిగారు. మంచు తడి ఆరేలోపు కోసెయ్యాలని ఆయన పట్టుదల. మీ అన్నయ్య తొట్టిలో నీళ్ళు మార్చి మార్చి కడిగాడు. మీ వదిన కట్టలు కట్టింది. నేను పెట్టెల మీద తడి గోనె కప్పాను. ఒక పచ్చపురుగు కనబడితే నాన్న దాన్ని వేలి మీద ఎక్కించుకుని గట్టున వదిలారు. "వీడికి హోటల్ భోజనం ఎందుకూ, ఇక్కడే తినమను" అన్నారు. నవ్వుకున్నాం. మీ హోటల్ వ్యాను వచ్చి పెట్టెలు ఎక్కించుకుని వెళ్ళింది. నేను ప్రార్థనకి కూర్చున్నాను.

ఆ రాత్రి మీ హోటల్లో తిన్నవాళ్ళు ఆస్పత్రి పాలయ్యారు. మర్నాడు మీ యజమాని పేపరులో ఏమన్నాడో నీకు తెలుసు. "చుట్టుపక్కల రైతుల కూరలే వండుతాం, అదే మా గొప్ప. ఈ ఒక్క ముసలాయన పాలకూర మా కొంప ముంచింది" అన్నాడు. నాన్న పేరు చెప్పి మరీ.

అప్పట్నుంచి నాన్న మడిలోకి దిగలేదు. మార్కెట్లో మన బుట్ట దగ్గర ఆగినవాళ్ళు, పక్కవాళ్ళు చెవిలో ఏదో ఊదగానే ముందుకి వెళ్ళిపోతున్నారు. మొన్న నాన్న నన్నడిగారు: "పెద్దమ్మాయ్, ఒకవేళ నిజంగా నా చేతుల్లోనే పొరపాటు జరిగిందంటావా?"

ఆ మాట విన్నాక నాకు తిండి సయించడం లేదు.

ప్రార్థన మానలేదు. ఇదివరకు ఇంటిల్లిపాది కోసం చేసేదాన్ని. ఇప్పుడు ఒక్క మనిషి గురించే చేస్తున్నాను, వాడు కింద పడాలని. దేవుడు వింటాడో లేదో తెలియదు. నేను మాత్రం అడుగుతూనే ఉంటాను.

నువ్వు ఆ వంటగదిలోనే ఉన్నావు. ఏం చూశావో రాయి. మీరు పడుకునేదీ అక్కడే, మీ ఫోన్లేమో గుమ్మంలోనే తీసేసుకుంటున్నారటగా, అందుకే పాల వ్యాను డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

నీ అక్కయ్య

*

ప్రియమైన అక్కయ్యకి,

నీ ఉత్తరం పిండి బస్తాల వెనక నిలబడి చదివాను.

చూశాను అక్కయ్యా. ముందురోజు నుంచే ఫ్రిజ్ పనిచెయ్యడం లేదు. క్రీము పులిసిన వాసన వేస్తోంది. పారబోద్దామన్నాను. "మిరియాలు దట్టించు, ఎవడికీ తెలీదు" అన్నాడు టోపీ. యజమానిని మేమంతా అలాగే అంటాం. ఆ తెల్లటోపీ ఎత్తు పెరిగేకొద్దీ ఆయన గరిటె పట్టడం తగ్గిపోయింది. ఆ రోజు మాత్రం పట్టాడు. పాలకూర సూపులో ఆ క్రీము తన చేత్తోనే పోశాడు.

మర్నాడు నన్ను గోడ పక్కకి పిలిచాడు. "నోరు మూసుకుంటే హెడ్ కుక్‌వి నువ్వే. తెరిచావో, ఈ ఊళ్ళో ఏ పొయ్యి దగ్గరికీ నిన్ను రానివ్వను" అన్నాడు.

గిన్నెలు తోముతూ మొదలుపెట్టి ఇక్కడిదాకా వచ్చాను. నాకు భయంగా ఉంది. తప్పు తనది కాదని నాన్నకి చెప్పు. బయట మాత్రం నా పేరెత్తకు. కావాలంటే నన్ను తిట్టుకో.

నీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకి,

నిన్ను తిట్టను. నాన్నకి చెప్పాను. "ఊరికి ఎవరు చెబుతారమ్మా?" అని అటు తిరిగి పడుకున్నారు.

ఇక్కడ వడగళ్ళు పడ్డాయి. చుట్టుపక్కల చేలన్నీ నుజ్జయిపోయాయి. వల కింద వేశాం కాబట్టి మన పాలకూర ఒక్కటే నిలబడింది.

నిన్న మీ టోపీ వచ్చాడు, టోపీ లేకుండా. "అక్కగారూ" అన్నాడు. శుక్రవారం భోజనప్రియుల సంఘంవాళ్ళు వస్తున్నారట. పొద్దున కోసిన ఈ చుట్టుపక్కల కూరే కావాలన్నారట. "మీ పాలకూర ఇప్పించండి. ఇంకో రైతు పేరు చెప్పి వడ్డిస్తాను. మీకూ గొడవుండదు, నాకూ గొడవుండదు" అన్నాడు.

కుర్చీ వేశాను. మంచినీళ్ళిచ్చాను. మీ అన్నయ్య పార పట్టుకుని లేస్తుంటే కళ్ళతోనే కూర్చోబెట్టాను. "శుక్రవారం పొద్దున్న పెట్టెలు మీ గుమ్మంలో ఉంటాయి" అన్నాను. "దేవుణ్ణి నమ్మే మనిషి మాట, ఇంక నాకు దిగుల్లేదు" అని దండం పెట్టి వెళ్ళాడు.

మీ అన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు. నీకూ కోపం వస్తుంది. రానీ.

నీ అక్కయ్య

*

అక్కయ్యకి,

నీ ఉత్తరం అందిన రోజున మొదలుపెట్టిన కాగితమే ఇది, అప్పుడు ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు. నాన్నని బజారుకీడ్చినవాడికి నాన్న కూరే అమ్ముతావా, అదీ పేరు మార్చి? పొయ్యి ముందు నిలబడి ఏడ్చాను. ఉల్లిపాయలని చెప్పాను అందరికీ.

శుక్రవారం పొద్దున్న పెట్టెలు రాలేదు. టోపీ వీధి చివరిదాకా వెళ్ళి చూసి వచ్చాడు. "మీ అక్క మాట తప్పే మనిషా?" అని నన్నే అడిగాడు. తెలీదన్నాను. నిజంగానే తెలీదు.

మధ్యాహ్నం దాటాక టోకు మార్కెట్ నుంచి వాడిపోయిన కట్టలు తెప్పించాడు. ఐసు నీళ్ళలో ముంచి నిగనిగలాడించమన్నాడు. నాచేతే వడ్డింపించాడు. సంఘం పెద్దావిడ ఆకు ఒకటి నోట్లో పెట్టుకుని, "ఇది ఏ చేనిదండీ?" అంది. టోపీ గుండె మీద చెయ్యి వేసుకుని, "పొద్దున్నే కోసిందండీ, మా కొత్త రైతు. పాత ముసలాయన్ని మాన్పించేశాం, చేతులు శుభ్రం లేని మనిషి" అన్నాడు.

చేతులు శుభ్రం లేని మనిషట, అక్కయ్యా.

పళ్ళెం కింద పెట్టాను. "ఇది టోకు మార్కెట్ సరుకండీ. ఆ రోజు జనాన్ని ఆస్పత్రికి పంపింది చెడిపోయిన క్రీము. పోసింది ఈయన. ఆ ముసలాయన మా నాన్న" అన్నాను. ఎవరూ చెంచా కదపలేదు. ఏప్రన్ విప్పి బల్ల మీద పెట్టి వచ్చేశాను.

స్నేహితురాలి గదిలో ఉన్నాను. ఉద్యోగం లేదు, ఫోనూ ఆ గుమ్మంలోనే ఉండిపోయింది. ఒక్క సంగతి చెప్పు. పెట్టెలు ఎందుకు రాలేదు?

నీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకి,

నేనే పంపలేదు. వాడికి మాటిచ్చిన నిమిషంలోనే పంపకూడదనుకున్నాను. ముందే చెబితే మీ అన్నయ్య ఊరంతా చాటేవాడు. శుక్రవారం గేటుకి తాళం వేసి ప్రార్థనకి కూర్చున్నాను. అంత ప్రశాంతంగా ఈ మధ్య ఎప్పుడూ కూర్చోలేదు. అబద్ధమాడినందుకు దేవుడు నన్ను అడిగితే జవాబు చెప్పుకుంటాను. వాడు ఖాళీ పళ్ళాల ముందు నిలబడితే చాలనుకున్నాను. నువ్వు నోరు విప్పుతావని అనుకోలేదు. ఆ పని నాకంటే బాగా చేశావు.

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నారు. ఏప్రన్ దగ్గరికి వచ్చేసరికి లేచి కూర్చున్నారు.

ఇవాళ సాయంత్రం వాడు వచ్చాడు. బల్లలు ఖాళీగా ఉన్నాయట. నాన్న పేపరువాళ్ళ ముందు తన పక్కన నిలబడి రాజీ అయిపోయిందని చెప్పాలట. చెబితే మన పంటంతా తనే కొంటాడట, నిన్ను హెడ్ కుక్‌ని చేస్తాడట. వాణ్ణి వాకిట్లో నిలబెట్టి లోపల మాట్లాడుకున్నాం. ఒప్పుకుని పీడ వదిలించుకుందామన్నాడు మీ అన్నయ్య, పార పట్టిన మనిషే. "ఆ పార ఇలా ఇవ్వండి" అంది మీ వదిన. నాన్న గుమ్మంలోకి వెళ్ళారు.

"ఏ పేపర్లో నా పేరు వేశావో అదే పేపర్లో నీ క్రీము సంగతి వెయ్యి" అన్నారు.

"వేస్తే కూర ఇస్తారా బాబాయ్?"

"ఇవ్వను."

"మరి నేనెందుకు వెయ్యాలి?"

"నువ్వు వెయ్యకపోతే మా చిన్నమ్మాయి చెబుతుంది. దానికిప్పుడు ఉద్యోగం కూడా లేదు, బోలెడంత తీరిక."

వాడు వెళ్ళాక కూర్చుని నిర్ణయించుకున్నాం. వాడికి ఈ చేను నుంచి ఒక్క కాడ కూడా వెళ్ళదు, క్షమాపణ వేసినా సరే. వాడి హోటలుకి సరిగ్గా ఎదురుగా ముగ్గురు ఆడవాళ్ళు చిన్న భోజనశాల నడుపుతున్నారటగా. పాల డ్రైవరు చేత కబురు పంపారు, మన కూరా కావాలట, నువ్వూ కావాలట. వెళ్ళు. రేపు తెల్లారకముందే కోస్తాం. పాల వ్యానులో నాన్నే వస్తారట. వాడు బల్లలు తుడిపించే వేళకి చేరాలట. పెట్టెలు దింపడానికి ఎవరూ సాయం రాకూడదట, ఒక్కొక్కటే, మెల్లగా దింపుతారట.

నీ అక్కయ్య