జానెడు ఉంచి కొట్టెయ్

చిరంజీవి రంజిత్‌కు గద్వాల నుంచి అమ్మ దీవించి రాయించే ఉత్తరం. ఇక్కడ మీ నాయన, నేను, నీ పెండ్లాం అందరం క్షేమం. ఫోను అందని ఆ అమ్రాబాద్ అడవిలో నీ ఉద్యోగం, నీ ఒళ్ళు బాగున్నాయని తలుస్తాను. నా కళ్ళలో పొర ఇంకా ముదిరింది. ఎప్పటిలాగే నేను చెబుతుంటే మాలతి రాస్తోంది. నేను మన మాట మాట్లాడితే ఆమె పుస్తకాల తెలుగు చేసి రాస్తుంది. డిగ్రీ చదివింది కదా, ఎక్కడో ఒకచోట పనికిరావాలి.

నాయన మోకాలి సంగతి అడిగావు. మగ్గం గుంటలో దిగేటప్పుడు మూలుగుతాడు, దిగాక మరిచిపోతాడు. పెళ్ళిళ్ళ చీరలు ఇంకా మగ్గం మీదే ఉన్నాయి. మన చీరకు ఒంటినీ అంచునూ పోగు పోగుగా కలపాలంటే ఇద్దరు కూర్చోవాలి. మాలతి లేచిందంటే మీ నాయన మగ్గం ఆగినట్టే. నువ్వేమో ప్రతి ఉత్తరంలో ఆమెను పంపమంటావు. నా కడుపు మండుతుంది.

ఇక చెట్టు సంగతి. పెళ్ళయిన కొత్తలో నువ్వు కర్నూలు నర్సరీ నుంచి తెచ్చిన హైడ్రాంజియా ఇంకా వరండా నీడలోనే ఉంది. నీలం పూలు గుత్తులు గుత్తులుగా పూస్తుందని ఇద్దరూ మురిసిపోయారు. ఆ వారమే ఆమె నీతో వస్తానని ఏడిస్తే, నలుగురి ముందు నేనే అన్నాను: "ఈ చెట్టు పూసిన్నాడు పో బిడ్డా, నేను అడ్డం రాను." ఆ మాట నేను తప్పలేదు. చెట్టే పూయలేదు.

ఎందుకు పూయడం లేదో తెలిస్తే నీ మీద ఒట్టేసి చెప్పమని రాశావు. ఒక్కగానొక్క కొడుకువి, నీ మీద ఒట్టు వేసి అబద్ధం ఎట్లా ఆడతానురా? ఎంత పని చేశావు! సరే, విను. మాలతీ, నువ్వు తల దించుకుని రాయి.

మొదటి ఏడే పక్కింటి ఎస్తేరు టీచరమ్మ చెట్టు చూసి నాతో చెప్పింది. "అత్తా, ఇది పోయినేటి కొమ్మకే పూస్తది. పూసినంక జర తలలు తుంచాలె, గంతే. చలికాలంల మొదలు కొడితే ఆ ఏడు పువ్వు రాదు" అంది. మాలతి అప్పుడు మగ్గం దగ్గర ఉంది. చలికాలం వచ్చేసరికి కొమ్మలు సన్నగా పొడుగ్గా సాగి వాలిపోయాయి.

"ఏం జేద్దాం అత్తమ్మా?" అని నన్నే అడిగింది.

"మల్లెకు ఏం జేస్తం? పుష్యంల ఆకు దూసి, జానెడు ఉంచి కొట్టెయ్. గుబురుగ వస్తది" అన్నాను.

ఎంత సంబరంగా కొట్టిందనుకున్నావు! కత్తెర సాన పట్టించుకుని మరీ వచ్చింది. వానలకు చెట్టు గుబురుగానే లేచింది, ఒట్టి ఆకు. మరుసటేడు కూడా ఆమే కొట్టింది. "ఈసారి పూస్తది అత్తమ్మా, ఎంత బలంగున్నదో చూడు" అని నా చెయ్యి పట్టుకుని ఆకులు తడిమించింది. "అవు బిడ్డా" అన్నాను. లోపల నవ్వొచ్చింది. మన ఇంటికి అన్నం పెట్టేది మగ్గంరా, పువ్వు కాదు.

ఒట్టు తీరింది. ఇప్పుడు నువ్వు కోపం తెచ్చుకుని లాభం లేదు, నేను మాటిచ్చింది చెట్టు పూస్తేనే. మాలతి రాస్తూనే ఉంది, కలం చప్పుడు నాకు వినబడుతోంది. ఒక్కచోట కూడా ఆగలేదు. మంచి పిల్ల, ఎక్కడికీ పోదు. నువ్వు వేళకు తిను, చలికి చెవులు కప్పుకో.

ఇట్లు
నువ్వు చల్లగా ఉండాలని కోరే కన్నతల్లి,
అమృతమ్మ

ఏమండీ, అత్తమ్మ చెప్పింది చెప్పినట్టే రాశాను. చదివి వినిపించమంటే వినిపించాను కూడా. పోస్టులో వేసి వస్తానని చెప్పి వచ్చి, బస్టాండులో కూర్చుని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. మామయ్య మగ్గం గుంటలో అంచు పోగు పట్టుకుని నా కోసం చూస్తుంటాడు. చూడనివ్వండి. రెండేళ్ళు మీరు కూడా పంపమని రాశారు, చెట్టు పూసిందా అని అడిగారు, అంతేగానీ వచ్చి నన్ను తీసుకుపోలేదు. ఈ ఉత్తరం పోస్టు చేయడం లేదు. మీ చేతికిచ్చి, చదవడం అయ్యేదాకా ఎదురుగానే నిలబడతాను.

మాలతి