జీపు తొండంలో ముడుపు

ఐనవిల్లి మండలం,
12-9-2003, శుక్రవారం.

చిరంజీవి వెంకటకృష్ణకు,

మీ వదిన దీవెనలు. విఘ్నేశ్వరుడి దయవల్ల ఇక్కడ మనుషులమూ, గొడ్లూ కులాసాగానే ఉన్నాం. మస్కట్‌లో ఎండలు కాస్త తగ్గాయా? వేళకి తింటున్నావా?

నీ ఉత్తరం చవితికి ముందురోజు అందింది. నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. మాధురి ఇంటర్ మొదటి సంవత్సరం మంచి మార్కులతో ప్యాసైంది. బాబాయి పంపిన వాచీ పెట్టుకునే కాలేజీకి వెళుతోంది, కానీ అందులో మీ మస్కట్ టైమే ఉంచింది. మార్చమంటే మార్చదు. మీ అన్నయ్యకి అమలాపురంలో కంటి ఆపరేషన్ అయింది. చుక్కల మందు వేయబోతే చిన్నపిల్లాడిలా తల తిప్పేసుకుంటున్నారు. ఈసారి వరద మన పశువుల పాక దాకా వచ్చి వెనక్కి పోయింది. ఏటి మీది కాజ్‌వే రోడ్డు రెండు రోజులు మునిగింది. వంతెన సంగతి అడిగావు. కొలతలు తీసుకుని వెళ్లారు, అంతే. నేను పంపిన ఆవకాయ అందిందో లేదో నువ్వు రాయలేదు. దారిలో నూనె కారిందా?

ఇంక నీ ఉత్తరం చివర రాసిన ముక్క. ఎడారిలో తిరిగే జీపులకి ఇంజన్లోకి దుమ్ము పోకుండా గాలి గొట్టాలు టాపు మీదికి ఎత్తి బిగించమని మీ గ్యారేజీ యజమాని అడుగుతున్నాడనీ, ఆ పని రాదని నువ్వు తప్పించుకుంటున్నావనీ, ఇలాగైతే వచ్చే ఏడు వీసా పొడిగించనన్నాడనీ రాశావు. "వదినా, ఆ రోజు ఏ జాయింటు వదిలేసిందో నాకు ఇప్పటికీ తెలియలేదు. అది తెలియకుండా ఇంకో బండి మీద చెయ్యి వెయ్యలేను" అన్నావు.

దానికి జవాబు నా దగ్గర ఉంది. నాలుగేళ్లుగా ఉంది. రెండు ఉత్తరాలు మొదలుపెట్టి చింపేశాను. ఇది చింపను.

ఆ శ్రావణమాసం నీకు గుర్తుండే ఉంటుంది. బోరు వేయించగా మిగిలిన పి.వి.సి. గొట్టం చావట్లోంచి లాగి, జీపు బానెట్ పక్క రేకుకి కంత కోశావు. ఇంజనుకి గాలి వెళ్లే డబ్బాకి రబ్బరు గొట్టం తగిలించి, క్లిప్పులు బిగించి, అద్దం పక్కనుంచి టాపు మీదికి జానెడు ఎత్తు లేపావు. "డీజిలింజను నీళ్లకి భయపడదు వదినా. నీళ్లు మింగితేనే చచ్చిపోద్ది. ముక్కు పైకెత్తేసేమనుకో, కాజ్‌వే మునిగినా నడిచేస్తాది" అన్నావు. పై మూతిలో ఆకులు పడకుండా నా టీ జల్లెడ పట్టుకుపోయావు. టీ ఎలా వడపోసుకోనురా అంటే, "నువ్వు గుడ్డతో కానిచ్చేసుకో. జీపుకి గుడ్డ పనికిరాదు, గాలాడదు" అని నవ్వావు. అంత స్పష్టంగా చెప్పావు, కృష్ణా.

అంతా బిగించాక ఇంజను ఆడుతుండగా నన్ను పిలిచి, మూతికి అరచెయ్యి అడ్డం పెట్టావు. బండి గిలగిలలాడి ఆగిపోయింది. నేను భయపడితే, "చూసేవా! ఎక్కణ్ణించీ దొంగగాలి రావట్లేదు. ఒక్క జాయింటు వదులున్నా ఆగేది కాదు" అన్నావు. చెయ్యి తీస్తే మళ్లీ స్టార్టయింది. నీ మొహంలో ఆ వెలుగు నేను ఇంకెప్పుడూ చూడలేదు.

మర్నాడు పక్కింటి సుబ్బమ్మ గారు గోడ మీదనుంచి, "ఏవమ్మా దుర్గా, మీ మరిది జీపుకి తొండం పెట్టేడంట కదా! ఇంక చెరుగ్గడలు కూడా తెప్పించండి" అంది. అరుగు మీద కూర్చున్న అత్తగారు ఊరుకుంటుందా? "ఆయ్, తెప్పిస్తామండి. వినాయకుడే నడిచొచ్చేడు మా ఇంటికి. మీ ఇంటికి ఆయన ఎలకైనా వచ్చిందా?" అంది. ఎంత నవ్వుకున్నాం! ఆ మాట మాత్రం నా మనసులో ఉండిపోయింది.

నీ బండికి ఏ గండమూ రాకూడదని ఐనవిల్లి స్వామికి మొక్కుకున్నాను. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల, పసుపు కొమ్ము, అక్షింతలు వేసి ముడుపు కట్టాను. వరదల కాలం దాటాక తీసుకెళ్లి హుండీలో వేద్దామని. అంతవరకూ అది బండి మీదే ఉండాలనిపించింది. కాళ్లు తగలకూడదు, తడి తగలకూడదు, నీ స్నేహితులు చూసి వెక్కిరించకూడదు. బుధవారం పొద్దున్న నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు ఫుట్‌బోర్డు ఎక్కి, జల్లెడ ఊడదీసి, ముడుపు గొట్టం మూతిలో పెట్టి, మళ్లీ జల్లెడ బిగించాను. స్వామి తొండం చివర ఉండ్రం పెట్టినట్టు అనిపించింది. కళ్లకద్దుకుని దిగాను.

మూడు రోజుల కింద నా కళ్లతో చూసిన నీ అరచెయ్యి నాకు అప్పుడు గుర్తు రాలేదు.

వానలకి నువ్వు మళ్లీ బండి బయటికి తియ్యలేదు. శనివారం తెల్లవారేసరికి అత్తగారికి గుండెల్లో నొప్పి, కాజ్‌వే మీద నీళ్లు. మీ అన్నయ్య పడవకి కబురు పెడదామన్నారు. వీరన్న పడవ అవతలి ఒడ్డున ఉంది, గంట పడుతుందన్నావు నువ్వు. ఆయన నావైపు చూశారు. "జీపులోనే పోదామండి. దానికి లోటేమీ లేదు" అన్నది నేనే. ఊరు దాటకముందే, "ఏంటో వదినా, బండి లాగట్లేదు" అన్నావు. వెనక సీట్లో ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని, "స్వామి ఉన్నాడు, పోనీ నాన్నా" అన్నాను.

కాజ్‌వే మీద సగం దూరంలో నల్లటి పొగ కక్కుకుని ఆగిపోయింది. నువ్వు ఎంత తొక్కితే అంత ఉక్కిరిబిక్కిరయింది. వీరన్న వచ్చేసరికి గంట దాటింది. పడవలో అత్తగారు కళ్లు తెరిచి, "ఒచ్చేసేమేంటే?" అని అడిగింది. "ఆయ్, ఒచ్చేసేమత్తయ్యా" అన్నాను. ఒడ్డు ఇంకా అంత దూరంలో ఉంది. ఆవిడ మళ్లీ మాట్లాడలేదు.

గొట్టం అతుకుల్లోంచి నీళ్లు ఇంజనులోకి పోయాయని ఊరంతా తేల్చేసింది. కర్మ చేసిన చేతులతోనే మీ అన్నయ్య రంపం తెచ్చి ఆ గొట్టం కోసేశారు. "అమ్మని నీ గొట్టం మింగేసిందిరా" అన్నారు. నువ్వు తల వంచుకుని రేకు మీద రంపం గీతలు చూస్తూ నిలబడ్డావు.

దినాలయ్యాక పెరడు ఊడుస్తుంటే గడ్డిమేటు వెనక ఆ గొట్టం ముక్క కనిపించింది. జల్లెడ ఊడదీశాను. ముడుపు మూతిలో లేదు. ఇంజను పీల్చిన పీల్పుకి మూరెడు లోపలికి పోయి, వంపు దగ్గర సీసాకి బిరడా కొట్టినట్టు బిగుసుకుంది. వేలు పెట్టి లాగితే రాలేదు. అట్లకాడతో తీశాను.

ఆ క్షణమే కేక వేసి పిలవాల్సింది. వెయ్యలేదు. దేవుడి మీదికి మాట వస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నా మీదికి మాట వస్తుందనే భయం. దుర్గమ్మ గారంటే దేవుడి మనిషి అంటారు కదా ఊళ్లో, ఆ పేరు కోసం. రావులపాలెంలో నిన్ను బస్సెక్కించిన రోజు ఆ ముడుపు నా చేతిసంచిలోనే ఉంది, పులిహోర పొట్లం కింద. పొట్లం ఇచ్చాను. బస్సు కదిలే దాకా నీ మొహం చూస్తూ నిలబడ్డాను. నేను కాపురానికి వచ్చేటప్పటికి నీకు ఆరేళ్లు. చీకటంటే భయమని నా కొంగు పట్టుకుని పడుకునేవాడివి. అలాంటి నిన్ను, అమ్మని చంపుకున్నాననే మాట నెత్తినేసుకుని దేశం దాటిపోతుంటే చూస్తూ ఊరుకున్నాను.

అందరం కులాసా అని మొదట్లో రాశాను. అది పూర్తి నిజం కాదు. చవితినాడు పూజ దగ్గర కూర్చుంటే స్వామి తొండం వైపు చూడలేకపోయాను. పత్రి అలాగే వదిలేసి లేచి వెళ్లి ముడుపు తెచ్చి మీ అన్నయ్య ముందు పెట్టి చెప్పేశాను. ఆయన అరవలేదు. చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నాలుగేళ్లు నాచేత వాణ్ణి తిట్టించేవు కదే" అన్నారు. అంతే. ఇవాళ్టికి పన్నెండు రోజులు. మాధురి వడ్డిస్తేనే తింటున్నారు. కంట్లో మందు కూడా దానిచేతే వేయించుకుంటున్నారు.

నిన్న సాయంత్రం మాత్రం గడ్డిమేటు వెనకనుంచి ఆ గొట్టం ముక్క తెచ్చి, కుళాయి దగ్గర కూర్చుని కొబ్బరి పీచుతో తోమారు. ఒక్కొక్క అతుకూ వేలితో తడిమి చూశారు. "ఎక్కడా వదల్లేదు" అన్నారు. నాతో కాదు, తనలో తను అనుకున్నారు. నీకు ఉత్తరం రాస్తారో లేదో నాకు తెలియదు. ఆయన్ని నేను అడగలేను.

నన్ను క్షమించమని కూడా రాయను. నీకు కోపం వస్తే రానివ్వు, ఉత్తరం రాయబుద్ధి కాకపోతే మానెయ్యి. కానీ ఆ జీపులకి గొట్టాలు మాత్రం బిగించు, నాన్నా. నీ చేతుల్లో ఏ తప్పూ లేదు. బిగించాక ఆ రోజు చేసినట్టే మూతికి అరచెయ్యి పెట్టి చూడు. బండి ఆగిపోతే బెదరకు. చెయ్యి తియ్యి.

ఇట్లు,
నిన్ను ఎత్తుకు పెంచి, నా తప్పు నీచేత మోయించిన
మీ వదిన,
వెంకటదుర్గ