మంచుదీవుల్లో మన వాటా

పోస్టిరా, 1874 సెప్టెంబరు 20

నాయనా జెర్కో, నువ్వు బతికే ఉన్నావు! ఈ మాట నీకే రాయడమేమిటని మీ అమ్మ నవ్వుతోంది. ఏడాదిగా నీ ఆత్మశాంతికి పూజలు చేయించినవాణ్ణి, రాయకుండా ఎలా ఉంటాను?

నీ ఉత్తరం ఫాదరుగారు చర్చి మెట్ల మీద చదివారు. మంచులో ఇరుక్కున్న మీ ఓడను ఆ మంచే మోసుకుపోయి, ఎవరూ చూడని దీవుల ముందు నిలబెట్టిందట. ఒకదాని మీద నువ్వు రాళ్లగుట్ట పేర్చావట. ఆ ముక్కకు ఊరంతా లేచి నిలబడింది. బీట్లో రాళ్లు ఏరి గుట్ట పోసినవాడిదే ఆ నేలచెక్క అని ముత్తాతల నాటి నుంచీ మన రివాజు కదా. అంటే ఆ దీవి మనదే. మిగతావీ ఎవరివీ కావు కనుక, దక్షిణం వాలున్నది మీ పెరీనా అత్తకు ఇచ్చేశాను. ద్రాక్ష అంట్లు పంపుతున్నాను.

మీ నాన్న,
బర్తుల్

తా.క.: అందరికంటే ముందు లూత్సె ఇంటికే పరుగెత్తాను. వైన్ పోసి, అంతా విని, "మంచిది అన్నయ్యా" అంది. నీతో ఓడెక్కిన వాళ్లబ్బాయి దూయె సంగతి రాయలేదేం? ఇద్దరూ కలిసే వస్తారుగా?

ట్రియెస్ట్, సెప్టెంబరు 29

నాన్నగారికి నమస్కారాలు.

దీవులు ఎవరికీ ఇవ్వకండి. అక్కడ మట్టి లేదు. మేం వెతుక్కుంటూ వెళ్లినవీ కావు. ఏడాదిపాటు మంచు ఎటు ఈడిస్తే అటు పోయాం. ఒక మధ్యాహ్నం పొగమంచు విడితే ఎదురుగా కొండలు. ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. తర్వాత కుక్కలు లాగే బళ్లతో తిరిగి చూశాం. ఒక దీవి దాటితే ఇంకొకటి, అన్నిటి మీదా మంచే. ఇంటికి ఇప్పట్లో రాలేను. కారణం అడగకండి.

మీ జెర్కో

తా.క.: మీ అంట్లు ఇక్కడి వంటవాడు పొయ్యిలో పెట్టాడు.

పోస్టిరా, అక్టోబరు 5

నా బంగారు కొండా, నీ తెలివికి మురిసిపోయాను. మట్టి లేదంటే దాయాదులు ఆశ వదులుకుంటారనేగా? మన చేలల్లో మాత్రం మట్టి ఎక్కడిది, మీ తాత బుట్టలతో మోసి పోసిందే కదా. స్తీపె బాబాయి అప్పుడే నలభై బుట్టలు అల్లాడు.

రానంటున్నావు. హద్దుగోడ కట్టడానికి మళ్లీ అటే పోతావా? వద్దు నాన్నా. మీ అమ్మ నల్లరుమాలు తీసేసి వాకిట్లో కూర్చుంది. ఒక్కసారి ముఖం చూపించు.

నీ నాన్న

తా.క.: లూత్సెకూ ఒక దీవి ఇస్తానన్నాను. "నీ కొడుకు గుట్ట పెట్టినదైతే చాలు" అంది. అన్ని దీవులుండగా నాదే అడిగింది, చూశావా.

ట్రియెస్ట్, అక్టోబరు 10

నాన్నా, ఆ గుట్ట చేను కోసం పేర్చింది కాదు. దాని కింద దూయె ఉన్నాడు. మార్చిలో దగ్గుతో పోయాడు. నేల గడ్డకట్టి గొయ్యి తవ్వలేకపోయాం, అందుకే రాళ్లు. ఓడెక్కుదాం రమ్మని వాణ్ణి లాక్కెళ్లింది నేనే. లూత్సె అత్తకు ఏ ముఖంతో కనపడను? మీరే చెప్పండి. బ్రెజిల్ పోయే ఓడలో పని దొరికింది. ఇరవైన బయలుదేరుతున్నాను.

జెర్కో

తా.క.: ఇద్దరూ కలిసే వస్తారుగా అని అడిగారు. లేదు.

పోస్టిరా, అక్టోబరు 14

నాయనా, టోపీ చేత పట్టుకుని లూత్సె ఇంటికి వెళ్లాను. నేను నోరు తెరవకముందే, దూయె పోయాడనీ రాళ్లగుట్ట కింద ఉంచారనీ ఓడవారు రాసిన కాగితం పెట్టెలోంచి తీసి ముందు పెట్టింది. నేను వైన్ తాగిన రోజు పొద్దున్నే వచ్చిందట. భర్త పోయిన నాటి నుంచీ ఆవిడవి నల్లబట్టలే, నాకెలా తెలుస్తుంది? ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను.

"కొడుకు బతికాడని గంతులేస్తూ వచ్చినవాడికి ఏం చెప్పమంటావు అన్నయ్యా?" అంది. కాగితం మడుస్తూ మళ్లీ, "అక్కడినుంచి సముద్రం కనిపిస్తుందో లేదో మీవాడు వచ్చి చెప్పాలి. చెప్పకుండా ఓడెక్కితే మాత్రం క్షమించను" అంది.

విన్నావుగా. ఆ దీవి లూత్సె పేర ఫాదరుగారు చర్చి పుస్తకంలో రాశారు. మిగతావి ఎవరికీ లేవు.

శనివారం పడవకు రా. దీవులు పోయాయనీ నువ్వు వస్తున్నావనీ నేను చెప్పవలసినవాళ్లు: పెరీనా అత్త, ఏడుస్తుంది; స్తీపె బాబాయి, బుట్టలు అంజూరాలకు పనికొస్తాయి; మీ పెద్దక్క; ఆమె అత్తగారు, గట్టిగా చెప్పాలి; సూపెటార్‌లో మీ మేనమామలు ముగ్గురూ. లూత్సెకు చెప్పనక్కర్లేదు. ఆవిడ రేవులోనే కూర్చుంది.