మాపటి గోళీలు

హనుమకొండ,
ఆదివారం

నా సౌమ్యకు,

నువ్వు నాయనమ్మకు తోడుగా ధర్మసాగర్ వెళ్లి నాలుగు రోజులైంది. ఫోన్ చేస్తే రెండో మాటకే మనిద్దరికీ గొడవ. అందుకే కాగితం పట్టుకున్నాను. మీ బాపు రోజూ వాళ్లమ్మను చూడటానికి అక్కడికి వస్తాడు కదా, ఇచ్చి పంపుతున్నా. "ఇంట్లకెల్లి ఇంట్లకు ఉత్తరాలా! నాకో ఖాకీ చొక్కా కుట్టియ్యుండ్రి" అంటున్నాడు.

మెడికల్ కాలేజీల లిస్టు శుక్రవారం సాయంత్రంలోపు పెట్టాలి. నీ ర్యాంకుకు మొదట ఏది పెడితే అదే వచ్చేట్టుంది. నీ బలాలన్నీ రాసి చూశాను: జ్ఞాపకశక్తి, పట్టుదల, పదిమందిలో ముందుండాలన్న కసి. ఇలాంటి పిల్లకు పెద్ద చోటే నయమని హైదరాబాద్ మొదట పెట్టి సేవ్ చేశాను. నువ్వడిగిన ములుగు ఎక్కడో కింద ఉంది.

సరిగ్గానే చేశానా? తెల్లవారుతుండగా కల వచ్చింది. పొడుగాటి వరండా, తెల్లకోట్ల పిల్లలు వందల మంది నీళ్లు పారినట్టు వెళ్లిపోతున్నారు. "సౌమ్యా" అని పిలిచాను. ఒక్కరూ వెనక్కి తిరగలేదు.

అత్తమ్మకు షుగర్ తగ్గిందా?

నీ అమ్మ

*

ధర్మసాగర్,
మంగళవారం పొద్దున

ప్రియమైన అమ్మకు,

నువ్వు రాసిన బలాలు నీవమ్మా. యూనివర్సిటీలో ఫస్ట్ వచ్చింది నువ్వు. నాకు ఏ పాఠమైనా పదిసార్లు చదివితేగాని నిలవదు. ఈ ర్యాంకు కూడా రెండోసారి రాస్తే వచ్చిందే.

నాకు ఏం వచ్చో నిన్న తెలిసింది. నాయనమ్మకు డాక్టరు గోళీలు పెంచుతున్నా షుగర్ దిగడం లేదు కదా. "అన్నీ ఏస్కుంటానవా?" అంటే, "ఏస్కుంటాన బిడ్డా" అంటుంది. నేను మళ్లీ అడగలేదు. పక్కన కూర్చుని బబ్బెరకాయలు ఒలిచాను. చెరువు మీది గాలికి ఇద్దరికీ కళ్లు మూతలు పడుతున్నాయి. ఎంతసేపటికో తనే అంది: "పొద్దుగాలయి నేనేస్కుంట. మాపటియి చిలుకమ్మకిత్త. దానికి సుత షుగరే గదనే. నాకొక్కదానికే గన్ని ఎందుకు?"

పక్కింటి చిలుకమ్మ రోజూ సాయంత్రం ఎందుకొస్తుందో ఇన్నేళ్లుగా మనకెవరికీ తెలియలేదు. అమ్మా, నాకు ఊరుకుని కూర్చోవడం వచ్చు. ములుగులో క్లాసుకు యాభై మందే. అక్కడ ఆ పని చేయనిస్తారనిపిస్తోంది.

నీ సౌమ్య

*

హనుమకొండ,
బుధవారం

ప్రియమైన సౌమ్యా,

మాపటి గోళీల సంగతి చదివి నవ్వాను, తర్వాత మళ్లీ మొదటి నుంచి చదివాను. నేనైతే అరగంట కూడా అడగకుండా ఉండలేను. మీ నాయనమ్మ నాకు ఎన్నడూ చెప్పేది కాదు.

అయినా ఒక్క అనుమానం పీకుతోంది. ఇంటర్లో రెండువందల మంది ఉన్న హాల్లో కూర్చోబెట్టారని వారం రోజులు అన్నం తినలేదు నువ్వు. ములుగు నీ బలమా, నీ భయమా? నాకైతే తెలియదు. నీ బదులు నేను తేల్చకూడదని మాత్రం తెలుస్తోంది.

ఈ ఉత్తరంతో పాటు నా ఫోనే పంపుతున్నా. ఓటీపీ దానికే వస్తుంది. పాస్‌వర్డ్ నీ పుట్టినరోజు. మొదట ఏది ఉండాలో నువ్వే చూసుకో. నేనేమీ అడగను. అడుగుదామన్నా ఇక నా దగ్గర ఫోన్ లేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో.

నీ అమ్మ

*

ధర్మసాగర్,
శుక్రవారం సాయంత్రం

నా పిచ్చి అమ్మకు,

నిన్న ముసలమ్మలిద్దరినీ వరంగల్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. లైన్లో మనుషులే మనుషులు. మొదటి పది నిమిషాలు వెనక్కి పోదామనే చూశాను. అంతలో ముందున్న పెద్దాయన తన మోకాళ్ల కథ ఎత్తుకున్నాడు. మధ్యాహ్నానికి ఆ లైన్లో నాకు ఆరుగురు తెలుసు. గుంపులో కూడా ఒక్కొక్క మనిషే ఉంటాడమ్మా. హైదరాబాద్ అయినా నేను బతకగలను.

చిలుకమ్మకు వేరే గోళీలు రాశారు. నాయనమ్మకు మాత్రం కోపం: "ఇగ మాపటికి అది మా ఇంటికెందుకొస్తదే?"

ఈ మధ్యాహ్నం నీ ఫోన్ తీశాను. భయం పోయాక కూడా ములుగే కావాలనిపించింది. మొదట పెడదామని లిస్టు తెరిస్తే, ములుగు అప్పటికే మొదట ఉంది. కింద సేవ్ చేసిన తేదీ చూశాను. మంగళవారం. నా ఉత్తరం నీకు అందిన రోజు.

మార్చేసి కూడా నాకు చెప్పలేదు. అరగంట ఉండలేనన్నదానివి, మూడు రోజులు ఊరుకున్నావు.

నేను దేన్నీ కదపలేదు. ఫోన్ బాపుతో పంపుతున్నా, కానీ ఈరోజుకు నాకు ఫోన్ చేయకు. రేపు పొద్దున నేనే వస్తాను, పక్కన కూర్చుందువు.

వాకిట్లో నాయనమ్మ, చిలుకమ్మ ఎవరి గోళీ వాళ్లు గుప్పిట్లో పట్టుకుని నీళ్ల కోసం అరుస్తున్నారు. పోతున్నా.

నీ సౌమ్య