నల్ల అంచు కార్డులు

నోవై

జెమీమా అక్కకు వందనాలు.

మీరు ఈ ఊరు విడిచి కాపెల్ ఊరికి మారిపోతూ నాకు అప్పగించిన తెలుగు బడి ఈ నెలతో ఆగిపోయేలా ఉంది. పదిమంది పిల్లలు చేరకపోతే బడి జరిగే గదిని గిటార్ క్లాసుకి ఇస్తామని చర్చి కమిటీవారు చెప్పారు. ఉన్నది ముగ్గురే.

పిల్లల్ని బడికి పంపమని పంచడానికి కార్డులు ప్రింట్ చేయించే స్తోమత లేక, రబ్బరు పలక మీద నేనే అక్షరాలు చెక్కి, అరవై కార్డులు చేత్తో అద్దాను. కొనగలిగింది ఒక్క నల్ల రంగే. పైన సిలువ, చుట్టూ మందమైన అంచు పెట్టాను.

ఆరాధన తర్వాత పంచుతుంటే షాలేం రాజు అంకుల్ చదవకుండానే, "అయ్యో, ఎవరు ఎక్స్‌పైర్ అయ్యారమ్మా?" అన్నారు. మన దేశంలో, మనవైపు చావు కార్డులు అచ్చం ఇలాగే ఉంటాయని అప్పుడు తట్టింది. ఫెబీ ఆంటీ, "పిల్లల క్లాస్‌కి ఇదేం కార్డమ్మా! ఫ్రిజ్ మీద ఎలా పెట్టుకోను?" అని తిరిగి ఇచ్చేశారు. మిగతావాళ్ళు కుర్చీల మీదే వదిలేసి వెళ్ళారు.

మా ఇంట్లో మొదట చదువుకున్నది నేనే అక్కా. నాకు అక్షరాలు నేర్పింది సండే స్కూలే. వేరే రంగుతో మళ్ళీ అద్దినా ఇక ఎవరూ రారనిపిస్తోంది. పిల్లలు గుణింతాల్లో "మ" దగ్గర ఉన్నారు. చివరి క్లాసులో ఏం నేర్పమంటారో ఒక్క ముక్క రాయండి.

మీ చెల్లి